ఎవరి మోచేయి?

రాజ్యాలెన్ని కూలినా కారణం ఒక్కటేననీ, ఆ ప్రభువులకు తన సలహా అందకపోవడమేననీ మురుకుంట భూషయ్యకు గట్టి నమ్మకం. తమ్ముళ్ళు గవరయ్య, లక్కయ్య ఆ నమ్మకాన్ని కాదన్న పాపాన పోలేదు. "మన ముగ్గురి తెలివీ తాలూకా అంతటికీ పంచినా ఇంకా మిగులుతుందిరా" అని అన్న అంటే తమ్ముళ్ళు మీసాలు దువ్వేవారు. ఉబ్బసంతో రొప్పుతూనే తల్లి బంగారమ్మ పొంగిపోయేది.

ఒకనాడు లక్కయ్య సంతకు వెళ్ళి, ఒళ్ళు నొప్పులతో, కాలిపోయే జ్వరంతో తిరిగొచ్చాడు. నర్సు సుగుణమ్మ వచ్చి చూసింది.

"ఇది మామూలు పడిశం కాదు, ఫ్లూ. ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటుంది. అసలే ఉబ్బసం మనిషి, మీ అమ్మకు అంటుకుందంటే ప్రాణం మీదికొస్తుంది. జాగ్రత్త!"

అంటుకుంటుందా! ఇంకేముంది, భూషయ్య కళ్ళ ముందు ఇల్లు భగ్గుమంది. "ఒరేయ్ గవరా, బిందెలు తేరా! మంట అమ్మదాకా పోకముందే వీణ్ణి ఆర్పాలి!" అంతే, వణుకుతున్న లక్కయ్య నెత్తిన బిందె మీద బిందె కుమ్మరించారు. సాయంత్రానికి జ్వరం రెట్టింపైంది.

సుగుణమ్మ తల పట్టుకుంది. "నీళ్ళు పోయమన్నదెవరయ్యా? ఒళ్ళు తుడిచి పడుకోబెట్టండి. ఆవిరి పట్టండి. తుమ్మొస్తే మోచేయి అడ్డం పెట్టుకోవాలి."

ఆవిరి పట్టడమెంత పని! గవరయ్య మరుగుతున్న గిన్నె మీద గోనెసంచి బోర్లించి, గబుక్కున మూతి బిగించి, "పట్టానన్నయ్యా!" అని కేకేశాడు. చేతులు బొబ్బలెక్కాయి. విప్పి చూస్తే సంచి ఖాళీ.

"చిల్లుల సంచితో పట్టావురా, బుద్ధిలేనివాడా" అని భూషయ్య మందలించాడు.

ఇంతలో లక్కయ్యకు తుమ్ము ముంచుకొచ్చింది. "అన్నయ్యా, మోచేయి!"

అడ్డం పెట్టుకోమందే గాని, ఎవరిదో నర్సు చెప్పలేదు. సొంత మోచేయి ఎవడు పాడుచేసుకుంటాడు? భూషయ్య పెద్దమనసుతో తనది చాచాడు. ఇంకేముంది, మూడోనాటికి ఆయనకూ ముక్కు కారసాగింది.

ఈసారి సుగుణమ్మ గుమ్మంలోంచే కేకలేసింది. "పెద్దావిడ గదిలోకి మీరెవరూ అడుగుపెట్టొద్దు. రేపు టీకా తెచ్చి ఆవిడకు వేస్తాను. ఈ ఫ్లూ ఏటా వేషం మార్చుకొని వస్తుంది. అందుకే ఏటా టీకా వేయించుకోవాలి."

వేషం! ఆ ముక్క భూషయ్య బుర్రలో మేకులా దిగింది. తెల్లారగానే అన్నదమ్ములు ముగ్గురూ కర్రలు పట్టుకొని గుమ్మంలో కాపలా కూర్చున్నారు. సుగుణమ్మ టీకా పెట్టెతో, ముక్కూ నోరూ మాస్కుతో కప్పుకొని వచ్చింది.

"అదుగోరా! ముఖం దాచుకొని వస్తోంది! అదే ఫ్లూ!"

"నేనయ్యా, సుగుణని!"

"చూశావట్రా గవరా? పేరు కూడా మార్చుకుంది!"

అంతే, ఆమెను పెట్టెతో సహా వీధి చివరిదాకా తరిమి, వెనక్కొచ్చి తలుపులు బిడాయించారు.

కోటను కాపాడిన సేనాపతిలా భూషయ్య తల్లి గది ముందు నిలిచాడు. లోపల అడుగుపెట్టొద్దన్నారు కనుక పెట్టలేదు. తల్లినే బయటికి పిలిచాడు.

"ఇలా రావే అమ్మా! ఫ్లూని తరిమేశాం! ఇక నీకే భయమూ..."

మాట సగంలోనే ముక్కు చురచురలాడింది.

"అమ్మా, తొందరగా, నీ మోచేయి!"

ఇంతటి బుద్ధిమంతుణ్ణి కన్నందుకు మురిసిపోతూ, ఒకటి చాలదేమోనని, బంగారమ్మ రెండు మోచేతులూ చాచింది.