అరవై ఒకటో వేలు

గోదావరి కాలువ పక్కన బూరుగుపాలెం అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని గవర్రాజు కుటుంబానికి గట్టి నమ్మకం. మిగతా ఊరి సంగతేమిటని అడిగితే, "పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు లెండి" అని జాలిపడేవాళ్ళు. పాలు పోస్తే పొంగిపోతున్నాయని పాలు పొయ్యకుండానే గిన్నె కాచుకునే ఇల్లది.

గవర్రాజు హార్మోనియం వాయిస్తాడు. పెళ్ళాం నూకరత్నం పాడుతుంది. బావమరిది సింహాచలానిది డోలక్. మేనత్త కాసులమ్మ తాళాలు వేస్తుంది, ఖాళీగా ఉంటే ఊళ్ళో కాన్పులకి వెళ్తుంది. గవర్రాజు వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళపాటు అమ్మవారి జాతర వేదిక మీద హార్మోనియం మోగించాడు. ఆయన పోయాక ఆ వేదిక పక్కూరి ఆర్కెస్ట్రా చేతికి పోయింది, ఎందుకంటే వాళ్ళకి కీబోర్డుంది. ఏటా జాతరనాడు గవర్రాజు జనంలో నిలబడి ఆ వేదిక కేసి చూసేవాడు. నాన్న కూర్చున్న చోట ఎవడో కూర్చుంటే, పాటయ్యేదాకా ఉండలేక ఇంటికొచ్చేసేవాడు.

ఈ ఏడు రైసుమిల్లు ముత్యాలరావుగారు కబురుపెట్టారు. జాతర కమిటీకి ఆయనే పెద్ద.

"మా అమ్మాయి నిశ్చితార్థానికి మీ పాట పెట్టిస్తున్నానోయ్. పాత హార్మోనియం వద్దు, కీబోర్డుతో రండి. నలుగురికీ నచ్చిందా, జాతర వేదిక మళ్ళీ మీదే. నచ్చలేదా, ఇక ఆ ఊసెత్తొద్దు."

ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే బావా బావమరుదులిద్దరూ రాజమండ్రి బస్సెక్కారు.

కొట్టాయన రెండు కీబోర్డులు చూపించాడు. "ఇది ఎనభై ఎనిమిది మెట్లదండి. మోయాలంటే నడుం విరుగుద్ది. ఇది అరవై ఒకటి. తేలిక. భుజాన తగిలించుకుని ఊరూరా తిరగొచ్చు. కచేరీలు చేసుకునేవాళ్ళు ఇదే పట్టుకెళ్తారు."

"వాయించడం ఎలాగండి?" అన్నాడు గవర్రాజు.

"హార్మోనియంలా ఒక చెయ్యి తిత్తికి ఇచ్చెయ్యక్కర్లేదు కదండీ. రెండు చేతులూ వాడొచ్చు. ఒక్కో మెట్టు మీద ఒక్కో వేలు పెట్టుకుని వాయించడమే."

గవర్రాజు సింహాచలాన్ని పక్కకి లాగాడు. ఇద్దరూ వేళ్ళు లెక్కపెట్టుకున్నారు, చాలక చెప్పులిప్పి కాలివేళ్ళు కూడా.

"ఎనభై ఎనిమిదంటే తొమ్మిదిమంది కావాలి బావా. అంతమందిని ఎక్కణ్ణించి తెస్తాం?"

"అరవై ఒకటైతే ఆరుగురు చాలు. మనం నలుగురం, అత్త కొడుకులిద్దరు."

"ఆరుగురికి అరవై వేళ్ళే కదా బావా. ఆ ఒక్క మెట్టూ?"

"అన్నీ ఇవాళే ఆలోచించేస్తే రేపటికేం మిగుల్తుందిరా?" అన్నాడు గవర్రాజు. ఆ మాటకి సింహాచలం నోరెళ్ళబెట్టాడు. ఎంత తెలివి!

కొట్టాయన పైనున్న ఎర్ర బొత్తాం నొక్కాడు. కీబోర్డు తనంతట తనే గలగలా పాట వాయించేసింది. "ఇది ఊరికే వినిపించడానికి పెట్టిందండి" అన్నాడు. అది వాయించేస్తే మేమెందుకని గవర్రాజుకి కాస్త మనసు చివుక్కుమంది. ఇంటికెళ్ళి ఆ బొత్తాం ముట్టుకోకూడదని ఒట్టేసుకున్నాడు. పెట్టె చేతికిస్తూ కొట్టాయన, "జాగ్రత్తండోయ్, చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోవాలి దీన్ని" అన్నాడు.

అంతే. బస్సులో దారి పొడుగునా గవర్రాజు దాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఊళ్ళో దిగేసరికి పైపంచె తీసి కప్పేశాడు, మంచు తగుల్తుందని.

ఇంట్లో కాసులమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి రానిచ్చింది. పంచె తీసి చూసి గుండెలు బాదుకుంది.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! బొడ్డు కొయ్యకుండానే తెచ్చేశార్రా?"

చూస్తే నిజమే. వెనకాల నల్లటి తాడు వేలాడుతోంది, కొసన కరెంటు ప్లగ్గుతో సహా. నలభై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్న మంత్రసాని చెప్పాక ఇంకెవరు మాట్లాడతారు? కొత్త బ్లేడు తెచ్చారు, వేన్నీళ్ళలో ముంచారు, కాసులమ్మ ఒక్క కోతతో తాడు కోసేసి, కోసిన చోట పసుపు అద్దింది. తర్వాత కాటుక తీసి, బిడ్డకి నుదురెక్కడా అని వెతికి, ఎర్రగా కనబడిన బొత్తాం మీద ఇంత దిష్టిచుక్క పెట్టింది. గవర్రాజు చూశాడు గానీ ఆపలేదు. తాను ముట్టుకోనని ఒట్టేసుకున్నాడు తప్ప అత్త సంగతి అందులో లేదు.

తీరా వాయిద్దామంటే చప్పుడు లేదు. గవర్రాజు కొట్టుకి ఫోన్ చేశాడు.

"మీ కొట్లో బాగానే ఉందండి. బొడ్డు కోసినప్పట్నించీ నోరు విప్పట్లేదండి."

కొట్టాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "కరెంటు అందట్లేదేమోనండి. అడుగున మూత తీసి ఆరు బ్యాటరీలు వెయ్యండి. పనిలేనప్పుడు మాత్రం వాయించకండి, బ్యాటరీలు ఊరికే అయిపోతాయి."

బ్యాటరీలు వేశారు. లైటు వెలిగింది. "కడుపు నిండింది" అంది నూకరత్నం, కళ్ళు తుడుచుకుని. వెంటనే ఆపేసి ఉయ్యాల్లో వేశారు.

మరి సాధన? పనిలేనప్పుడు వాయించొద్దన్నాడు కదా! సింహాచలం వాకిట్లో ముగ్గుపిండితో అరవై ఒక్క గళ్ళు గీశాడు. ఆరుగురూ వరసగా గొంతుక్కూర్చుని వారం రోజులు ఆ ముగ్గు మీద వాయించారు. ఒక్క అపస్వరం పడితే ఒట్టు. ఇంత శుద్ధంగా తన నాన్న కూడా వాయించి ఉండడని గవర్రాజుకి గర్వం పొంగుకొచ్చింది.

నిశ్చితార్థం రోజు రానే వచ్చింది. పందిట్లో మూడొందలమంది జనం, ముందు వరసలో పెళ్ళికొడుకు వైపువాళ్ళు. బల్ల మీద స్విచ్చి వేసిన కీబోర్డు, దాని చుట్టూ ఆరుగురు, ఒకళ్ళ చంకలోంచి ఒకళ్ళు చేతులు దూర్చి అరవై మెట్ల మీద అరవై వేళ్ళు పెట్టారు. కుడివైపు చివర ఒక్క మెట్టు ఖాళీగా ఉంది. పెట్టినవాళ్ళు పెట్టినట్టే ఉండిపోయారు.

ముత్యాలరావుగారు వచ్చారు. "ఏంటోయ్ ఇంకా?"

"ఒక్క వేలు తక్కువైందండి" అన్నాడు గవర్రాజు. వేళ్ళు మాత్రం తియ్యలేదు. జాతర వేదిక ఆ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది మరి. "తమరేమీ అనుకోకపోతే, తమది ఒకటి ఇప్పించండి."

ఆయన పళ్ళు కొరికారు. వియ్యాలవారు చూస్తున్నారు, అరవడానికి లేదు. "ఇదిగో, ఏడవండి!" అని బొటనవేలు ఆ మెట్టు మీద పెట్టారు.

"ఒకటి, రెండు, మూడు!" అన్నాడు గవర్రాజు. అరవై ఒక్క మెట్లూ ఒక్కసారే దిగాయి.

ఏం చెప్పను! కట్టేసిన గేదెలు పలుపులు తెంపుకున్నాయి. పెళ్ళికొడుకు మేనమామ పులిహోర ఆకు మీదికి వెనక్కి పడ్డాడు. మూడొందలమందీ గుడ్లప్పగించి వీళ్ళ కేసి చూశారు. జాతర వేదిక ఇక లేనట్టేననుకున్నాడు గవర్రాజు.

కాసులమ్మకి మాత్రం ఒక్కటే తోచింది. "ఇన్ని కళ్ళు బిడ్డ మీద పడ్డాయి!" అంటూ తన వాటా వేలొకటి ఎత్తి, బొడ్లో ఉన్న కాటుక తీసి, చెదిరిన దిష్టిచుక్క మీద గట్టిగా నొక్కింది.

అంతే! కీబోర్డు తనంతట తనే మొదలుపెట్టింది. వయొలిన్లేంటి, గజ్జెలేంటి, ఎంత కమ్మగా ఉందంటే, పడిపోయిన మేనమామ పులిహోరలోనే తల ఊపాడు. పాటయ్యేసరికి చప్పట్లతో పందిరి అదిరింది. అందరికన్నా ముత్యాలరావుగారే పొంగిపోయారు. తన బొటనవేల్లో ఇంత సంగీతం ఉందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు.

"శభాష్! జాతర వేదిక మీదేనోయ్!"

గవర్రాజుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఈ మాట కోసమే బతికాడు. కానీ అబద్ధం ఆ ఇంటావంటా లేదు.

"మాది కాదండి" అన్నాడు చేతులు కట్టుకుని. "మేమెవ్వరం వాయించలేదండి. ఇదే వాయించింది. వేదిక దీనిది."

ఆయన పకపకా నవ్వారు. "సరేనయ్యా, దానికే ఇచ్చాం పో!"

ఇంటికొచ్చాక గవర్రాజు వీధరుగు మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు. నాన్న వేదిక తనకి దక్కలేదు. పోనీ, బిడ్డకి దక్కింది కదా అనుకుని ముక్కు చీదుకున్నాడు.

జాతర వచ్చింది. పొద్దువాలే వేళకి వేదిక మీద కీబోర్డు ఒక్కటే ఉంది, కొత్త జరీ గుడ్డ, మెళ్ళో బంతిపూల దండ, నుదుట దిష్టిచుక్కతో. స్విచ్చి ఎవరూ వెయ్యలేదు. తన వేదికయినప్పుడు తనే వేసుకుంటుందనుకున్నారు. ఆరుగురూ ముందు వరసలో కూర్చుని ఎదురుచూశారు. అరగంటైంది. ఈలలు మొదలయ్యాయి. ముత్యాలరావుగారు బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఏవయ్యా, వెళ్ళి చూడు, జ్వరమేమో" అంది నూకరత్నం.

గవర్రాజు వేదికెక్కాడు. నాన్న పోయాక ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. కీబోర్డుకి చెవి ఆనించి విన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. మొహం విప్పారింది. మైకు అందుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పాడు.

"ఆయ్, బిడ్డ నిద్రపోయిందండి. దయచేసి ఎవరూ చప్పుడు చెయ్యకండి."

మైకులో చెప్పారు కదా, కమిటీ మాటేననుకుని అవతల డప్పులవాళ్ళు డప్పులు దించేశారు. మందుగుండువాడు అగ్గిపుల్ల ఊదేశాడు. కాసులమ్మ పైకెక్కి బల్లని మెల్లగా ఊపింది. సింహాచలం చిడతలు కొట్టే భక్తుల చేతులు పట్టుకుని ఆపాడు. ఎక్కడ ఎవరు దగ్గినా గవర్రాజు వేదిక మీంచి "ఉష్" అన్నాడు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు మోగించిన చోట నిలబడి ఊరు ఊరంతటి నోరూ మూయించాడు. ఆ ఏడు అమ్మవారి జాతర మొత్తం గుసగుసల్లోనే జరిగింది.