మందారవల్లి మేకప్ సామాను సర్దిన వైనం

తెలివంటే ఉద్దండం వారిదే. ఈ మాట తాటిమర్రులో ఇంకెవరూ అనేవారు కాదు గానీ, ఉద్దండం వాళ్ళు మాత్రం పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోతూ ఒకసారి అనుకునేవాళ్ళు. అత్తగారు సూరమ్మ అయితే, "మనింటి తెలివి బయటికి పోకుండా చూసుకోవాలిరా" అని ఎండాకాలంలో కూడా కిటికీలు మూయించేది.

ఆవిడ పెద్దకొడుకు పుండరీకం, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. చిన్నవాడు గోవర్ధనం, చెప్పనిది కూడా చేసే మనిషి. పుండరీకం పెళ్ళాం మందారవల్లి ఆ ఇంటికి తగ్గ కోడలు. పెళ్ళిచూపుల్లో "పాట పాడమ్మా" అంటే "పాటా..." అని రాగం తీసి ఊరుకుంది. ఒక్క మాట కూడా అదనంగా వాడలేదని సూరమ్మ అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసేసింది.

మందారవల్లికి ఒకటే పిచ్చి, మేకప్ సామాను. ఒకటి కొంటే ఒకటి ఉచితమని రాసి ఉంటే కొనేది. ఉచితంగా వచ్చింది ఇంటికొచ్చాక చిన్నబుచ్చుకుంటుందేమోనని, దానికి తోడు మరొకటి కొనేది. అవన్నీ బీరువా నిండి, బియ్యం డబ్బా నిండి, చివరికి పుండరీకం చొక్కాల అరలోకి దూరాయి. చొక్కాల కాపురం దండెం మీదికి మారింది. ఇంత ఉన్నా ఏనాడూ ఒక చుక్క మొహానికి రాసుకున్న పాపాన పోలేదు. "గేదెకి కుడితి పెట్టడానికి లిప్‌స్టిక్ ఎందుకులే" అని నిట్టూర్చేది. ఎప్పటికైనా ఒక్క పెళ్ళికూతురినైనా ముస్తాబు చేసే భాగ్యం దక్కాలని ఆమెకి లోలోపల ఆశ.

ఆ ఆశకి ఊపిరి పోసింది ఆమె పిన్ని కూతురు శ్యామల. టౌన్లో బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఓ పొద్దున ఫోన్ చేసింది.

"అక్కా, ఆదివారం మీ ఊళ్ళో ఒక పెళ్ళికూతురికి మేకప్ ఒప్పుకున్నా. నా దగ్గర చేసే అమ్మాయి జ్వరంతో పడుకుంది. సాయానికి వస్తావా? బాగా చేస్తే ఇక నా దగ్గరే పని."

మందారవల్లి ఉన్నచోటే ఎగిరి గంతేసింది. "వస్తానే!"

"అయితే ముందు నీ సామాను సంగతి చూడు. అంత పోగేసుకుంటే ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? అన్నీ తీసి బయట పెట్టు. డేటు దాటినవాటికి నీళ్ళొదిలెయ్."

ఇంకేముంది! ఇల్లంతా కలిసి సామానంతా బయట పెట్టారు. బయటంటే నడివీధిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, మంచాల మీద. కాసేపటికి లిప్‌స్టిక్‌లు మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. "పాపం, సొమ్మసిల్లాయి వదినా!" అని గోవర్ధనం తాటాకు విసనకర్ర తెచ్చి విసిరాడు. అంతే. పక్కనున్న పౌడర్లు లేచి వీధంతా మంచు కమ్మింది. అటుగా వెళ్తున్న పాలకేంద్రం ప్రసాదరావు మీసాలతో సహా తెల్లబడి ఇంటికి పోతే, వాళ్ళావిడ "మామగారు ఏ లోకం నుంచి దిగొచ్చారో!" అని కాళ్ళకి దండం పెట్టింది.

ఇక డేటు దాటినవాటిని ఏరి వేరే పెట్టారు. సూరమ్మ కళ్ళు ఒత్తుకుంది.

"నీళ్ళొదలడమంటే మాటలా? నువ్వులుండాలి, దర్భలుండాలి, గోత్రం తెలియాలి."

పుండరీకం డబ్బాలన్నీ తిప్పి చూశాడు. "కంపెనీ పేరుంది గానీ గోత్రం రాయలేదమ్మా."

"గోత్రం తెలియనివాళ్ళది కాశ్యప గోత్రం. కానియ్."

అంతే. పుండరీకం దక్షిణానికి తిరిగి కూర్చుని, ఒక్కో డబ్బా మూత తీసి, నువ్వులతో నీళ్ళు వదిలాడు. క్రీములకి పిండం కూడా పెడదామన్నాడు గోవర్ధనం. "శ్యామల పిండం మాట ఎత్తలేదయ్యా, లేనిపోనివి కల్పించకు" అని మందారవల్లి ఖండించింది. ఇంట్లో తనకే కాస్త ముందుచూపు ఎక్కువని ఆమె నమ్మకం.

మర్నాడు శ్యామల మళ్ళీ ఫోన్ చేసింది. "నీళ్ళొదిలావా అక్కా?"

"శాస్త్రోక్తంగా!"

"భేష్. మిగిలినవి ఎప్పుడూ కళ్ళెదురుగా ఉంచుకో. కళ్ళెదురుగా ఉంటేనే వాడతాం."

ఎప్పుడూ అంటే ఎప్పుడూనే కదా. గోవర్ధనం ఎండకీ గాలికీ పోగా మిగిలిన సామానంతా ఒక పళ్ళెంలో పేర్చుకుని, వదిన మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, ఆమె ఎటు నడిస్తే అటు వెనక్కి వెనక్కి నడవసాగాడు. అలాగే ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు.

"వదినా, నా వెనక ఏమైనా ఉందా?"

"పళ్ళెం తప్ప నాకేమీ కనపడట్లేదయ్యా. నడు."

నడిచాడు. దభీమని కుడితి తొట్టిలో పడ్డాడు. పళ్ళెం కూడా తొట్టిలోనే. అతను లేచేలోపే గేదె మూతి పెట్టేసింది. తల ఎత్తేసరికి పెదాలు ఎర్రగా, రెప్పలు నీలంగా, ముట్టె మీద తళుకులు. పుండరీకం చప్పట్లు కొట్టాడు.

"కళ్ళెదురుగా ఉంటే వాడతారంది, చూశారా! వాడేసింది!"

గేదెకేమీ కాలేదు గానీ, ఆ సాయంత్రం పాలు పితకబోతే సిగ్గుపడి మొహం గోడకి తిప్పుకుంది.

ఆదివారం పొద్దున శ్యామలకి మందారవల్లే ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. "ఒక్క లిప్‌స్టిక్ మిగిలిందే. మిగతాదంతా ఊడ్చుకుపోయింది."

"అంతలా సర్దేశావా!" అని శ్యామల ముచ్చటపడింది. "వాడుకోవడం తెలిస్తే ఒక్కటి చాలక్కా. పెదాలకి రాసేదే బుగ్గలకీ రాయాలి. నుదుటికి కొంచెం రాయి. బయల్దేరుతున్నా, తయారుగా ఉండు."

రాయడమంటే ఆ ఇంట్లో పుండరీకమే రాయాలి. ఆయన దస్తూరి ముత్యాలకోవ. లిప్‌స్టిక్ చేతిలోకి తీసుకుని తల గోక్కున్నాడు. "బుగ్గలకి ఏం రాయను?"

"ఏం రాసినా అబద్ధం రాయకురా" అంది సూరమ్మ.

అంతే. కుడి బుగ్గ మీద 'కుడి బుగ్గ' అని, ఎడమ బుగ్గ మీద 'ఎడమ బుగ్గ' అని రాశాడు. నుదుటికి కొంచెమే రాయమంది గనక 'నుదు' అని ఆపేశాడు. మందారవల్లి అద్దంలో చూసుకుని కంగారుపడింది.

"అయ్యో, అన్నీ తిరగబడ్డాయండీ!"

పుండరీకం నాలిక్కరుచుకుని, అన్నీ తుడిచి, అద్దంలో సరిగ్గా కనపడేలా అక్షరాలు తిరగేసి మళ్ళీ రాశాడు.

శ్యామల వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "అక్కా! ఏమిటే ఇది?"

"చదవడం రావట్లేదా? ఆ అద్దంలో చూసి చదువుకో."

శ్యామల రెండు చేతులా తల పట్టుకుంది. అది చూసి మందారవల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను తీసుకెళ్ళవా?"

ఇంకో మనిషి దొరికే వేళ కాదు. పైగా ఆ కళ్ళు చూస్తే కాదనబుద్ధి కాలేదు. "మొహం కడుక్కురా. అక్కడ నేను చెప్పిందే చెయ్యి."

"ఎప్పుడూ అంతే కదే చేస్తా!"

పెళ్ళికూతురు నీలవేణి చామనఛాయ పిల్ల. శ్యామల పూసింది పూసి, దిద్దింది దిద్ది, పాలరాతి బొమ్మని చేసింది. కన్నతల్లే లోపలికొచ్చి "మా అమ్మాయి ఎటెళ్ళిందమ్మా?" అని అడిగింది. మందారవల్లి అడిగిన పిన్నీసు అడిగినట్టు అందించింది. ఒక్క పొరపాటూ జరగలేదు. శ్యామలకి ధైర్యం వచ్చింది.

"పెళ్ళికొడుకు అక్కకి జడ వేసొస్తానక్కా. ఈలోగా నువ్వు పెళ్ళికూతురికి కాస్త మెరుగులు దిద్దు."

మెరుగు! ఆ పని మందారవల్లికి కొత్తా? ఇంట్లో ఇత్తడి బిందెలన్నిటికీ మెరుగు పెట్టేది తనే కదా. వంటశాలకి పరిగెత్తి చింతపండు, ఉప్పు, గుప్పెడు మెత్తటి పీచు తెచ్చింది. "కళ్ళు మూసుకో తల్లీ" అంది. అంతే. బిందెని తోమినట్టు తోమి, చెంబుతో నీళ్ళు గుమ్మరించి, కొంగుతో తుడిచి, కాస్త దూరం జరిగి మురిసిపోయింది. మెరుస్తోంది!

తిరిగొచ్చిన శ్యామల ఉన్నచోటే కూలబడింది. ముహూర్తం దగ్గరపడింది. మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు. సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చి, నీలవేణి గడ్డం పట్టుకుని చూసింది.

"హమ్మయ్య! ఇందాక కిటికీలోంచి చూసి, పిల్లని మార్చేశారని బస్సు వెనక్కి తిప్పమన్నాం. కాదు కాదు, మేం చూసుకున్న పిల్లే ఇది! మొహం ఎలా నిగనిగలాడుతోందో చూడండర్రా!"

నీలవేణి నవ్వింది. ఇప్పుడు నవ్వినా మొహం మీద ఏదీ బీటలు వారడం లేదు.

ముసలావిడ వెళ్ళగానే శ్యామల మందారవల్లిని వాటేసుకుంది. "నీ పుణ్యమా అని అందరం గట్టెక్కామే అక్కా! రేపట్నించి నువ్వు నా దగ్గరే."

కోరుకున్నది దొరికింది. కానీ శ్యామల అటు వెళ్ళగానే మందారవల్లికి మనసులో ముల్లు గుచ్చుకుంది. అందరం గట్టెక్కామంటుందేమిటి? ఎవరెక్కారు? శుభమా అని పెళ్ళి జరుగుతుంటే చెల్లెలి నోట అబద్ధమా? పెళ్ళికొచ్చి టిఫిన్ల పంక్తిలో కూర్చున్న మొగుడినీ మరిదినీ అత్తగారినీ గబగబా లేవదీసింది.

కాసేపటికి పురోహితుడు పెళ్ళికూతురిని తీసుకురమ్మని కేకేశాడు. పెళ్ళికూతురు లేదు. పీటల మీద చూస్తే పెళ్ళికొడుకూ లేడు. సన్నాయి వినపడదేమా అని చూస్తే సన్నాయివాళ్ళూ లేరు. మండపం వెనక కాలువ వైపు నుంచి ఏవో అరుపులు వినపడితే శ్యామల గుండె చేత్తో పట్టుకుని అటు పరిగెత్తింది.

కాలువ గట్టు మీద వధూవరులు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన డోలు, సన్నాయి, పెళ్ళికొడుకు నాయనమ్మ. పుండరీకం, గోవర్ధనం కింద నుంచి సూరమ్మని నెడుతున్నారు. పైనుంచి మందారవల్లి చెయ్యి చాచి లాగుతోంది.

"కంగారుపడకే శ్యామలా, నీ మాట పోనిస్తానా! అందరం ఎక్కేశాం. మావాళ్ళు ముగ్గురూ నువ్వూ పంతులుగారే మిగిలారు. ఊఁ, చెయ్యివ్వు!"