ఎర్ర అంచు

ఒక నేతగాడు ఉండేవాడు. తండ్రి పోయాక మగ్గం అతనిదైంది. మగ్గంతో పాటు ఒక సిగ్గు కూడా తనకే వచ్చిందనుకునేవాడు. తండ్రి బతుకంతా తువ్వాళ్ళే నేశాడు. ఎర్ర అంచు తువ్వాళ్ళు. బండివాళ్ళూ కూలివాళ్ళూ తలకి చుట్టుకుని, చెమట తుడుచుకుని, అన్నం మూట కట్టుకునేవి.

కొడుక్కేమో కళ్ళు మూస్తే వెన్నెల లాంటి గుడ్డలు కనిపించేవి. పరాయి మగ్గాల మీద సన్నపు నేత నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది. "మీ నాన్న ఏం నేసేవాడయ్యా?" అని ఎవరైనా అడిగితే మాత్రం, పోగు తెగినట్టు వంగి వెతుక్కునేవాడు.

ఒకనాడు కోట నుంచి మనిషొచ్చాడు.

"నెల తిరిగేసరికి రాణిగారికి కాన్పు. బిడ్డని చుట్టడానికి గుడ్డ కావాలి. ఇంకో ఒంటిని తాకని గుడ్డ. నచ్చితే రాజుగారి నేతగాడివి నువ్వే."

ఆ మాట విన్నాక అతను రెండు రోజులు నేల మీద నడిచినట్టే లేడు. రెండు వారాల్లో నేసెయ్యాలి, మిగతా రోజులు ఏటి నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతికి, నీడన ఆరేసి, గంజి పోయి మెత్తబడేలా చెయ్యాలి అనుకున్నాడు.

పడుగు, అంటే నిలువు పోగులు, అతకడానికి ఒక ముసలమ్మ వచ్చింది. ఊళ్ళో ప్రతి మగ్గానికీ ఆమే అతికేది. తండ్రి చివరి తువ్వాలు కోశాక మూరెడు పడుగు మగ్గం మీదే మిగిలి ఉంది. నేతవాళ్ళు దాన్ని తియ్యరు. అందులో ప్రతి పోగూ దువ్వెన లాంటి అచ్చులో తన కన్నులోంచి దూరి ఉంటుంది. కొత్త పోగుని పాత పోగు కొసకి అతికి లాగితే, పాతదాని వెంటే వెళ్ళి తన కన్ను తను చేరుకుంటుంది.

"అత్తా, రాజుగారి గుడ్డకి తువ్వాలు పోగులు తగలాలా?" అన్నాడతను.

"తగిలితే ఏం మాసిపోద్దిరా? అతుకులు దాటాకే కదా గుడ్డ మొదలయ్యేది. ఆ ముక్క కోసి పారేస్తావు. ఏ రాజూ చూడడు."

"నేను చూస్తాను కదా."

"అబ్బో! రాజుగారికి లేని నామోషీ నీకొచ్చిందా?" అని నవ్వి, ముసలమ్మ అతుకు జారకుండా వేళ్ళకద్దుకునే బూడిద డబ్బా అక్కడే పెట్టి, అన్నం తినడానికి ఇంటికెళ్ళింది.

అతను కత్తెర తీశాడు. మూరెడు పడుగూ ఒక్కసారే తెగింది. వేల పోగులు కళ్ళలోంచి జారి మగ్గం గుంటలో పడ్డాయి. వాన వెలిసినట్టు చప్పుడు ఆగిపోయింది. ఖాళీ కళ్ళన్నీ అతన్నే చూస్తున్నాయి.

ముసలమ్మ తిరిగొచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఎంత పని చేశావురా! ఇప్పుడు దేని వెంట లాగమంటావు?"

ఆమె గుంటలోని పోగులు ఏరి, చుట్టి, కొంగున కట్టుకుంది. తర్వాత కూర్చుని, పోగు పోగునీ కంటి కంటిలోకి చేత్తో దూర్చింది. ఆమె కళ్ళు నీళ్ళు కారాయి. అదంతా అయ్యేసరికి పన్నెండు రోజులు పట్టింది.

గుడ్డ మగ్గం దిగిన పొద్దున్నే కోటలో నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. ఉతకడానికి ఒక్క రోజూ మిగల్లేదు. గుడ్డ అందంగా ఉంది, గంజికి అట్టలా ఉంది. దారిలో దుమ్ము పడకుండా చుట్టడానికి గోడకున్న మేకు మీద తండ్రి తువ్వాలొక్కటే దొరికింది. ఎర్ర అంచు కనపడకుండా లోపలికి మడిచి, చంకలో పెట్టుకుని పరుగెత్తాడు.

బిడ్డ అప్పటికే పుట్టింది. గుక్క పట్టి ఏడుస్తోంది. మంత్రసాని చుట్టూ గుడ్డలు కుప్పగా ఉన్నాయి. పట్టు జారిపోయిందట. జరీ గీసుకుందట. మఖమలు ఉక్క పోసిందట. ఉన్ని శాలువాకి ఒళ్ళంతా ఎర్రబడిందట. మంత్రసాని కొత్త గుడ్డ అంచు బుగ్గకి ఆనించుకుని, వెంటనే తీసేసింది.

"బంగారంలా నేశావు నాయనా. కానీ ఇది పసిగుడ్డు ఒళ్ళు, గీరేస్తుంది. పుట్టిన బిడ్డకి పాతగుడ్డ చుడతారని ఎవరికీ తెలీదా? ఇంత కోటలో ఒక్క పాతగుడ్డ లేదా?"

"ఒకసారి కట్టింది ఇక్కడ ఉంచరమ్మా," అంది దాసి.

మంత్రసాని చూపు అతని చంక మీద పడింది. "అదేంటి?"

"అది మూట కట్టుకొచ్చిన గుడ్డమ్మా. పనికిరాదు."

ఆమె వినలేదు. లాక్కుని విదిలించింది. ఎర్ర అంచు బయటపడింది. ఎన్నో ఏళ్ళు ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ ఉతికిన గుడ్డ. బిడ్డని అందులో చుట్టగానే ఏడుపు ఆగింది. ఎంత నిశ్శబ్దమంటే, గుమ్మంలో నిలబడ్డ రాజుగారి ఊపిరి కూడా వినిపించింది.

"ఎవరు నేశారిది?" అన్నారు రాజుగారు.

అందరూ అతని వైపు చూశారు. అతను నేల మీద పడున్న తన తెల్లగుడ్డ వైపు చూశాడు.

"తెలీదు ప్రభూ. దారిలో దొరికింది."

రాజుగారు తల ఊపి, బిడ్డ వైపు తిరిగారు. తెల్లగుడ్డని ఎవరో తీసి కుప్ప మీద వేశారు.

ఇంటికొచ్చేసరికి ముసలమ్మ మగ్గం పక్కన కూర్చుని ఉంది.

"రాజుగారేమన్నార్రా?"

"ఎవరు నేశారని అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

అతను గోడ మీది ఖాళీ మేకు వైపు చూస్తూ ఉండిపోయాడు. ముసలమ్మ కూడా ఆ మేకు వైపు చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి, ఆనాడు అతను కోసేసిన పోగుల్లోంచి ఒకటి తీసి, దాని కొస రెండు వేళ్ళ మధ్య గట్టిగా పట్టుకుంది. కొత్త గుడ్డ కోశాక మగ్గం మీద మిగిలిన పోగొకటి చూపించింది. బూడిద డబ్బా అతని వైపు జరిపింది.

"కూర్చో. ఇది నువ్వే అతుకు."

అతను కూర్చున్నాడు. వేళ్ళు బూడిదలో ముంచి, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాడు. కంటి నీరు వేళ్ళ మీద పడింది. బూడిద తడిసింది. అతుకు జారిపోయింది.

"ఇంకోసారి," అంది ముసలమ్మ, తన కొస వదలకుండా.