పచ్చబొట్టు చెరిపించిన అచ్చయ్యమ్మ

అచ్చయ్యమ్మది తెలివికి పుట్టినిల్లు అనదగిన వంశం. ఆమె తాత సోమప్ప బాటసారుల దాహం తీర్చడానికి చలివేంద్రం పెట్టించి, కుండలో నీరు తరిగిపోకుండా మూతకు తాళం వేయించిన పుణ్యాత్ముడు. తండ్రి కూర్మయ్య, వీధిలోని కరెంటు దీపం గాలికి ఆరిపోకూడదని దాని చుట్టూ ఇటుక గోడ కట్టించిన దయాశీలి. అటువంటివారి రక్తం తనలో ప్రవహిస్తుండగా, మరొకరి సలహా అవసరమని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఆమె మనుమడు పైడిరాజు ఎడమచేతి మీద ‘లచ్చిమి’ అని పచ్చబొట్టు ఉన్నది. కాపురానికి వచ్చిన నాడే అతని భార్య కనకరత్నం అది చూసింది.

“ఎవరీ లచ్చిమి?”

“మన ఇంట్లోనే ఉంటుంది. నీకంటే ముందే వచ్చింది,” అన్నాడు పైడిరాజు, సత్యవంతుడు కనుక.

లచ్చిమి వారి పాడిగేదె. ఆ ముక్క ఆమె అడగలేదు, ఇతడు చెప్పలేదు. ఇంకేముంది! “ఆ పేరు చెరిగిన నాడే వస్తాను” అని కనకరత్నం పుట్టింటికి వెళ్లిపోయింది.

అచ్చయ్యమ్మ మనుమణ్ణి పట్నంలో చర్మవ్యాధుల డాక్టరు వసుధ వద్దకు తీసుకొనిపోయింది.

“ఈ లేజరు వెలుగును చర్మం లోపలి సిరా పీల్చుకొని పొడిపొడి అవుతుంది. ఆ పొడిని ఒళ్లే కొద్దికొద్దిగా తినేస్తుంది. వారాల తరబడి ఆగి మళ్లీ మళ్లీ రావాలి. ఎండ తగలనీయకండి,” అన్నది డాక్టరు.

వెలుగు చిటచిట పడింది. అక్షరాలు తెల్లగా పొంగాయి. అంతే, అచ్చయ్యమ్మ చేతి కింద కొంగు పట్టింది.

“ఏమిటమ్మా అది?”

“పొడి అవుతుందన్నారు కదా! మా ఇంటి సిరా నేలపాలు కానిస్తామా?”

“బయటికి రాలదమ్మా! రక్తంలోని తెల్లకణాలు లోపలే మోసుకుపోతాయి.”

ఇంటికి రాగానే, ఎండ తగలకూడదు కనుక పైడిరాజును ధాన్యపు గాదెలో దింపి మూత పెట్టించింది.

“మామ్మా, ఆకలి!”

“నీకు అన్నం పెడితే ఒళ్లు సిరా ఎందుకు తింటుందిరా? దానికీ ఆకలి వేయనీ.”

అతడు చేతికందిన వడ్లు నమిలాడు. అంతే, పొట్ట మద్దెల అయింది. మంచం మీద మోయించి మళ్లీ ఆసుపత్రికి!

డాక్టరు తల పట్టుకొన్నది. “పొడుగు చేతుల చొక్కా వేస్తే చాలు కదమ్మా! తిండి లేకపోతే తెల్లకణాలకు బలం ఎక్కడిది?”

“అది ముందే చెప్పవద్దూ? చదువుకున్నవారు ఇలా సగం సగం చెబితే, మాబోటి తెలివైనవాళ్లం ఎంతకని సర్దుకుంటాం తల్లీ!”

ఏడాది తిరిగేసరికి చేయి శుభ్రమయింది. కబురు అందుకొన్న కనకరత్నం, “నిజంగా పోయిందా? రేపు వచ్చి నా కళ్లతో చూస్తాను” అని ఫోనులో అన్నది.

అచ్చయ్యమ్మ మనుమడి చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఏం చూస్తుందిరా? చేయి మీద ఏమీ లేదే!”

“లేకపోవడమే కదా మామ్మా కావలసింది?”

“లేనిది కంటికి కనబడుతుందా, అప్రాచ్యుడా? ఋజువు చూపించాలి!”

ఇంకేముంది! పచ్చబొట్లు పొడిచేవాణ్ణి ఇంటికే పిలిపించింది. మరునాడు కనకరత్నం పెట్టెతో గుమ్మం వరకు వచ్చింది. పైడిరాజు గర్వంగా చేయి చాచాడు. దాని మీద నిగనిగలాడే నల్ల అక్షరాలు: ‘ఇక్కడ లచ్చిమి లేదు’.

ఆమె పెట్టె దించకుండానే వచ్చిన ఆటో ఎక్కింది.

అచ్చయ్యమ్మ తన తరువాతివారికి అప్పగించినవి మూడు: ఒక పెంకుటిల్లు, ఒక ఇత్తడి కాగు, వంశపు తెలివి. ఇల్లు ఉరుస్తున్నది, కాగుకు సొట్టలు పడ్డాయి. మూడవది మాత్రం చెక్కు చెదరలేదు.