గుర్రమై వంగిన దళవాయి

బసవలింగయ్యగారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. సన్యాసం పుచ్చుకోకముందు ఆయన సైనికుడు. ఎవరేం అడిగినా పాత దండు సంగతి ఏదో ఒకటి ఎత్తుకునేవారు. మఠం పెద్దరికం శిష్యుడు మల్లారయ్యకు అప్పగించే రోజు దగ్గరపడింది. అతనికి బెంగ పట్టుకుంది.

"స్వామీ, కాస్త చనువిస్తే నెత్తికెక్కే కాలం ఇది. భయం లేకపోతే నా మాట ఎవరు వింటారు?"

గురువుగారు నవ్వి మొదలుపెట్టారు.

యుద్ధానికి బయలుదేరిన దండు పెన్న ఒడ్డున ఆగిపోయిందట. ఏరు పొంగుతోంది, శత్రువు అవతలి గట్టున ఉన్నాడు. వరద తీసేదాకా పనిలేక సైనికులు గుడ్డపీలికలతో చెండు చుట్టుకుని ఆడేవారు. నియమం ఒక్కటే. చెండు పట్టలేక జారవిడిచినవాడు, విసిరినవాణ్ణి వీపు మీద ఎక్కించుకుని డేరాల చుట్టూ తిప్పాలి. చుట్టూ ఉన్నవాళ్ళు "గుర్రం! గుర్రం!" అని కేకలు వెయ్యాలి.

దండుకు పెద్ద, దళవాయి ఓబుళనాయకుడు. ఆయన పేరు చెబితే అందరికీ హడలు. యుద్ధమప్పుడు ఈ కోతివేషాలేమిటని ఆట మాన్పించడానికి తానే వచ్చాడు. సరిగ్గా అప్పుడే, కొత్తగా చేరిన బసవలింగయ్య బలంకొద్దీ విసిరిన చెండు ఆయన మీదికి పోయింది. ఆయన చప్పున చెయ్యి చాచాడు. చెండు వేళ్ళకు తగిలి బురదలో పడింది.

అలవాటుకొద్దీ దండంతా "గుర్రం! గుర్రం!" అని అరిచేసింది. ఎవరిని అన్నారో అరిచాక గానీ తెలియలేదు. ఇక విసిరినవాడి తల ఎగిరినట్టే అనుకున్నారు.

ఓబుళనాయకుడు తలపాగా తీసి పక్కవాడి చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి వంగాడు.

"ఎక్కరా. నా మోకాళ్ళు అసలే మంచివి కావు, తొందరగా ఎక్కు."

మొదట ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. మూడో డేరా దగ్గర దళవాయి నిజంగానే సకిలించేసరికి దండు పగలబడి నవ్వింది. పైనున్న బసవలింగయ్య మాత్రం ఏడ్చేశాడట. ఆ మనిషి మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మల్లారయ్యకు ఇంకా అనుమానం తీరలేదు. "బాగానే ఉంది స్వామీ. మర్నాటి నుంచి ఆయన్ని ఎవరైనా లెక్కచేశారా?"

"మర్నాటికీ వరద తియ్యలేదు. అయినా ఆయన ఏట్లో దిగాడు. రమ్మని అనకముందే మేమంతా దూకేశాం." గురువుగారు గడ్డం నిమురుకున్నారు. "నీళ్ళు గొంతుదాకా వచ్చాక గుర్తొచ్చింది నాయనా, నాకు ఈత రాదని."