గేటు బయటి జోళ్లు

మా గురుద్వారాలో గ్రంథం చదివి అర్థం చెప్పే గ్యానీజీ ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు, అంతటితో సరి. ఓపిక లేనివాళ్లు విసుక్కుంటూ వెళ్లిపోతారు. ఉత్తమ్ సింగ్ మాత్రం అడిగి, జవాబు కోసం అక్కడే కూర్చున్నాడు.

అతను అడిగింది ఇది: "గ్యానీజీ, నా తప్పు పోవాలంటే ఇంకెంత సేవ చెయ్యాలె?"

మా సిక్కులకు అది చిన్న తప్పు కాదు. కొడుకు జ్వరంతో పోయిన నాడు ఉత్తమ్ సింగ్ దేవుడి మీద కోపంతో మంగలి దగ్గరికి వెళ్లి జుట్టు కత్తిరించుకున్నాడు. పొద్దున్నే చదువుకునే జప్‌జీ మానేశాడు. ఆరేళ్లు గురుద్వారా ఛాయలకు రాలేదు. ఒకనాడు తనంతట తానే వచ్చి, పంచ్ ప్యారేల ముందు, అంటే అందరి తరఫున, గురువు మాటగా తీర్పు చెప్పే ఐదుగురి ముందు, చేతులు జోడించి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. వాళ్లు ఒక నెల జోళ్ల సేవ వేశారు. నెల నిండాక లోపలికి వచ్చి అందరితో పాటు ప్రార్థనలో నిలబడితే క్షమాపణ దొరికినట్టేనన్నారు.

నెల నిండింది. అతను లోపలికి పోలేదు. రెండో నెల, మూడో నెల కూడా గడిచాయి. వచ్చినవాళ్ల చెప్పులు అందుకోవడం, దుమ్ము తుడవడం, అరలో పెట్టడం, ఇదే పని. లోపల కీర్తన మొదలైతే తల వంచుకుని ఏడ్చేవాడు. ఆ జోళ్ల గదిలో ఇరవై ఏళ్లుగా సేవ చేస్తున్నవాణ్ణి నేనే. సాయానికి ఒక మనిషి దొరికాడు, నా నడుంనొప్పికి కాస్త సుఖం అనుకున్నానే గాని, నెల నిండింది లోపలికి పొమ్మని ఒక్కసారీ అనలేదు. నిజం దాచడమెందుకు.

అడిగిన మర్నాడు పొద్దున గ్యానీజీ జోళ్ల గదికి వచ్చారు. "ఉత్తమ్ సింగ్, నీ జోళ్లేవి?" అన్నారు. అతను గేటు బయటికి చూపించాడు. అందరి జోళ్ల సరసన తనవి పెట్టే అర్హత లేదని రోజూ రోడ్డు పక్కనే విడిచి వస్తున్నాడట. గ్యానీజీ, డెబ్బై ఏళ్ల మనిషి, వట్టి కాళ్లతో వెళ్లి, ఆ బురద జోళ్లు తెచ్చి, నేల మీద కూర్చుని తుడవసాగారు.

ఉత్తమ్ సింగ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు గ్యానీజీ. నేను చేసినదానికి నెల చాలదు. నాకు తెలుసు."

"నీకు తెలుసు. గురువుకు తెల్వదంటవా?"

అతని పట్టు వదులైంది. లోపల ప్రార్థనకు అందరూ లేచి నిలబడుతున్నారు. అతను తల మీద రుమాలు సర్దుకుని, కాళ్లు కడుక్కుని, గడపకు తల ఆనించాడు. ఇక లేవడేమో అనుకునేంతసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి లోపలికి నడిచాడు.

నాకు సిగ్గేసింది. "ఇటివ్వండి గ్యానీజీ, మీరు తుడవడమేంటి" అని చెయ్యి చాచాను. ఆయన తుడిచిన ఒక కాలి జోడు అరలో పెట్టి, రెండో కాలిది నా చేతికిచ్చారు.

"ఇది నువ్వే తుడువు. మూడు నెలల సంది మీరిద్దరూ పక్కపక్కనే కూసుంటిరి గదా."