గాలి దించిన గ్లాసు

జీడిమామిడి తోటలో మంగాయమ్మ అనే కుందేలు ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, బుల్లెమ్మ. వాళ్ల బొరియ గుమ్మం ఎంత ఇరుకంటే, నక్క వస్తే తల మాత్రం దూరుతుంది, భుజాలు పట్టవు. తల్లీకూతుళ్లు ఇన్నాళ్లూ బతికి బట్టకట్టింది ఆ గుమ్మం చలవే.

ఆ రోజు పొద్దున్నించీ బుల్లెమ్మది ఒకటే గోల. తోటలో ఎవరో పారేసిన గాజుగ్లాసు నిండా నీళ్లు పోసి, పైన బాదం ఆకు మూసి, తలకిందులు చెయ్యాలట.

"ఇల్లంతా బురద చేస్తావే!" అంది తల్లి.

"పడవమ్మా! ఆకుని కింద నుంచి గాలి నెట్టి పట్టుకుంటుంది. తాబేలు తాత చెప్పాడు."

మొదటిసారి నీళ్లు మంగాయమ్మ ఒళ్లో పడ్డాయి. రెండోసారి చెవిలో పడ్డాయి. మూడోసారి ఆవిడే పంతం పట్టి, అంచుదాకా నింపి, ఆకుని గట్టిగా అదిమి, గ్లాసు బోర్లించి మెల్లగా చెయ్యి తీసింది. చుక్క రాలితే ఒట్టు!

"ఓసి నీ దుంపతెగ! నిజమేనే!" అని మురిసిపోయింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి నక్క తల దూరింది. నుదుట బూడిద, చెవిలో వేపరెమ్మ. పేరు దేవుళ్లయ్య, పని దొంగ భూతవైద్యం. గాలి సోకిందని చెప్పి పిల్లల్ని వెంట తీసుకెళ్లేవాడు. వెళ్లిన పిల్ల ఒక్కటీ తిరిగి రాలేదు.

"అక్కా! మీ పిల్లకి గాలి సోకింది. నాతో పంపు, దించి పంపిస్తా."

మంగాయమ్మ భయంగా పిల్ల వంక చూసింది. నిన్నటి నుంచి పిల్ల సరిగ్గా తినడం లేదు మరి. ఏమో, నిజమేనేమో!

ఇంతలో నక్క చూపు గ్లాసు మీద పడింది. "అదేంటి? నీళ్లు కింద పడవేం?"

"గాలి, మామయ్యా!" అంది బుల్లెమ్మ గొప్పగా.

నక్కకి నోరు తడారిపోయింది. ఇన్నేళ్లూ గాలి పేరు చెప్పుకుని తిన్నాడే గానీ, దాన్ని కళ్లారా చూసిన పాపాన పోలేదు.

"ఏ... ఏ గాలే?"

మంగాయమ్మ వాడి మొహం చూసింది. అందరి పిల్లల్నీ వణికించినవాడు తనే వణుకుతున్నాడు! ఆవిడ భయం ఎగిరిపోయి ఒళ్లు మండిపోయింది.

"ఇంటి నిండా ఉంది తమ్ముడూ. ఇదిగో, ఇప్పుడే నీ ముక్కులోకి కూడా దూరింది."

నక్క ఠక్కున ఊపిరి బిగబట్టాడు.

"వైద్యుడివి కదా, దీన్ని దించు. దిగితే పిల్లని నీ వెంట పంపుతా" అని గ్లాసు తెచ్చి సరిగ్గా వాడి తల మీద పట్టుకుంది.

పారిపోదామంటే వెనక, వైద్యం చూద్దామని వచ్చిన ఉడతలూ ముంగిసలూ గుంపుగా నిలబడి ఉన్నాయి, పరువు పోతుంది. చేసేది లేక కళ్లు మూసుకుని, "హ్రాం! హ్రీం! దిగు! దిగు!" అని అరిచాడు. గ్లాసులో నీళ్లు కదిలితేనా!

"అమ్మా, ఆకు లాగేదా?"

"లాగవే తల్లీ!"

గ్లాసెడు నీళ్లూ దభాలున నక్క నెత్తిన పడ్డాయి.

"దిగింది బాబోయ్! నామీదికే దిగింది!" అంటూ గుమ్మంలోంచి తల బయటికి పీక్కుని, వేపరెమ్మ అక్కడే వదిలేసి, బూడిద కారుతున్న మొహంతో తోట దాటిపోయాడు.

ఇప్పటికీ ఏ ఉడతో ఎదురుపడి, "వైద్యుడు గారూ, మా ఇంట్లో కూడా గాలి ఉందండీ" అంటే చాలు, వాడు దారి మార్చేస్తాడు.

నీతి: తనకే తెలియనిదాన్ని చూపి బెదిరించేవాడు, దాన్ని తెలుసుకున్న చంటిపిల్ల ముందు నిలవలేడు.